జలాశయ పూడిక గణనలో ట్రాన్స్‌డ్యూసర్ స్థాన నిర్ణయం

జగ్గయ్యపేటకు చేరువలో కృష్ణానదిపై నిర్మితమైన పులిచింతల జలాశయ నిల్వ సామర్థ్యం 45.77 టీఎంసీలు. ఇటువంటి జలాశయాలలో పూడికను పడవకు అమర్చిన సోనార్ సాయంతో లెక్కించవచ్చు. ట్రాన్స్‌డ్యూసర్ పంపిన ధ్వని నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో సాగి, అడుగును తాకి తిరిగివస్తుంది. ఆ రాకపోకల కాలమే లోతుకు ఆధారం.

గాలిబుడగలు ధ్వనిని అడ్డగిస్తాయి. పడవ ముందుభాగాన అలల తాకిడికి బుడగలు పుడతాయి. వెనుక ప్రొపెల్లర్ రొద ఉంటుంది. కనుక నడిభాగాన, ఎల్లప్పుడూ నీటిలో మునిగి ఉండే చోటు సాధారణంగా అనుకూలం.

నీటి ఉపరితలం నుండి ట్రాన్స్‌డ్యూసర్ ఎంత దిగువన ఉన్నదో ఆ దూరాన్ని కొలతకు కలపాలి. అర మీటరు కలపకపోతే, లేని పూడిక అర మీటరు మేర లెక్కకెక్కుతుంది; ఆయకట్టుకు అందగల నీటి అంచనా ఆ మేరకు తగ్గుతుంది.