నాన్న జేబులో కూడా ఓ కార్డు

పెద్దాడికి అయిదేళ్లు, చిన్నదానికి రెండు. ఇద్దర్నీ వెంటేసుకుని టోక్యోలోని షింజుకు స్టేషన్లో దిగేసరికి, దసరా రోజుల్లో మా బెజవాడ దుర్గమ్మ గుడి క్యూయే నయమనిపించింది. రోజుకి దాదాపు 30 లక్షల మంది తిరిగే స్టేషనది. బయటికి దారులే 200 దాకా ఉంటాయి. "ఎగ్జిట్ దగ్గర ఉంటా, వచ్చెయ్" అని మావారు ముందు వెళ్లిపోయారు. ఏ ఎగ్జిటో తేలడానికి ముప్పావుగంట పట్టింది.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. ఆఫీసులకెళ్లే జనం పలచబడ్డాకే, అంటే తొమ్మిదిన్నర దాటాకే రైలెక్కడం. టికెట్ కొన్న పెద్దవాళ్లు ఒక్కొక్కరి వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఇద్దరి దాకా లోకల్ రైళ్లలో ఉచితం. ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లకి సగం ఛార్జీ. స్ట్రోలర్ మడవకుండానే ఎక్కించొచ్చు. కాకపోతే లిఫ్టు వెతుక్కోవడానికి మరో పది నిమిషాలు చేతిలో ఉంచుకోవాలి. పాలివ్వడానికి, డైపర్ మార్చడానికి పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లలో ప్రత్యేకంగా గదులుంటాయి.

రోజూ బయల్దేరే ముందు పిల్లల్ని ఆ పూట బట్టల్లో ఫొటో తీసేదాన్ని. పెద్దాడి జేబులో హోటల్ కార్డు, దాని వెనక మా ఫోన్ నంబరు. వీధి మలుపుల్లో కనిపించే 'కోబాన్' అనే చిన్న పోలీసు గదుల్ని వాడికి వేలుపెట్టి చూపించాను.

"తప్పిపోతే ఏం చేస్తావురా?"

"కదలకుండా నిలబడతా. పోలీసు మామకి కార్డు చూపిస్తా." ఒక్క క్షణం ఆగి అడిగాడు: "అమ్మా, మరి నాన్నకి కార్డు ఇవ్వలేదేం?"