పెట్రోలు మిషనా? బ్యాటరీ మిషనా?



ఒకప్పుడు దొడ్డిలో గడ్డి పెరిగితే కొడవలి, చేనుకు పురుగు పడితే చేతి పంపు మన పనిముట్లు. తరువాత పెట్రోలుతో నడిచే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, కొమ్మలు కోసే రంపాలు వచ్చాయి. ఇప్పుడు అవే పనిముట్లు బ్యాటరీతో నడిచేవి కూడా కొట్లలో దొరుకుతున్నాయి. “ఏది కొంటే మేలు?” అని అనేక కుటుంబాలలో ఆలోచన సాగుతున్నది. ఇది ధర ఒక్కటే చూచి తీర్మానించుకొనే సంగతి కాదు. ఆ మిషను భుజాన మోసేది మన ఇంటి పెద్దో, ఎదిగిన కుమారుడో, కూలికి పిలుచుకొన్న పొరుగువాడో. గనుక వారి ఊపిరిని, వారి చెవులను, మన చేతిలోని రూపాయిని కలిపి లెక్క చూచుకోవాలి.

పెట్రోలు మిషనులో జరిగేదేమిటి?

భుజాన వేసుకొనే పెట్రోలు మిషన్లలో చాలావాటికి టూ స్ట్రోక్ ఇంజను ఉంటుంది. బరువు తగ్గించడం కోసం దీనిలో ఆయిలుకు వేరే చోటు పెట్టరు. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి. కంపెనీ చెప్పిన కొలతను బట్టి లీటరుకు 20 నుండి 40 మిల్లీలీటర్లు కలుపుతారు. ఆ ఆయిలు కూడా కాలి, నీలి పొగగా బయటికి వస్తుంది.

అంతేకాదు. ఈ ఇంజనులో పొగ బయటికి పోయే దారి, కొత్త పెట్రోలు లోపలికి వచ్చే దారి కొద్దిసేపు ఒకేసారి తెరచి ఉంటాయి. అందువలన పాత పద్ధతి ఇంజన్లలో పోసిన పెట్రోలులో సుమారు నాలుగో వంతు కాలకుండానే బయటికి పోతుంది. అనగా నూరు రూపాయల పెట్రోలు పోస్తే పాతిక రూపాయలు గాలిపాలు. ఫోర్ స్ట్రోక్ మిషన్లలో ఈ నష్టం బాగా తక్కువ.

డబ్బు పోయినా సంపాదించుకోవచ్చు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే రంగు, వాసన లేని విషవాయువు ఉంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం దాని తొలి గుర్తులు. పెట్రోలు ఆవిరిలోని బెంజీన్ క్యాన్సరుకు కారణమని వైద్యశాస్త్రం నిర్ధారించింది. కారు పొగ వెనుకకు పోతుంది. వీపున ఉన్న ఇంజను పొగ మోసేవాని ముఖం చుట్టూనే తిరుగుతుంది.

శబ్దం సంగతి కూడా చిన్నది కాదు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదని నిపుణులు చెబుతారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. పెట్రోలు గడ్డి మిషను శబ్దం పట్టుకొన్నవాని చెవి దగ్గర 100 డెసిబెల్స్ వరకు ఉంటుంది. ఆ లెక్కన చెవికి రక్షణ లేకుండా 15 నిమిషాలకు మించి పని చేయరాదు. మన ఊళ్ళలో పూటంతా చేస్తున్నారు! అలా పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇతర దేశాలలో

పచ్చిక పెంచే ఇళ్ళు ఎక్కువగా ఉన్న అమెరికాలో ఈ ఇబ్బందిని ముందే గుర్తించారు. కాలిఫోర్నియా రాష్ట్రం 2021 అక్టోబరులో ఇటువంటి చిన్న ఇంజన్ల విషయమై ఒక చట్టం చేసింది. 2024 నుండి తయారయ్యే కొత్త పచ్చిక మిషన్లు పొగ లేనివై ఉండాలని అక్కడి వాయు కాలుష్య మండలి ఆ సంవత్సరమే తీర్మానించింది. వాషింగ్టన్ నగరంలో ఆకులను ఊదే పెట్రోలు మిషన్లను 2022 జనవరి 1 నుండి నిషేధించారు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో అనేకులకు ఈ మార్పు అనుభవమే.

బ్యాటరీ లెక్క

మన ప్రాంతంలో ఎక్కువగా అమ్ముడుపోయేది 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయరు. దానిలో సాధారణంగా 12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. ఈ రెండింటిని గుణిస్తే 96 వాట్ అవర్లు. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్ కరెంటు. ఛార్జరులో పోయే నష్టం కలుపుకొన్నా ఒక యూనిట్ కరెంటుతో ఆరేడు సార్లు ఛార్జింగు పెట్టుకోవచ్చు. కొత్త బ్యాటరీ ఒక ఛార్జింగుకు పది పదిహేను ట్యాంకులు కొడుతుంది. లీటరు పెట్రోలు నూరు రూపాయలు దాటిన రోజులలో ఇది చిన్న ఆదా కాదు. పొగ లేదు, తాడు లాగి స్టార్టు చేసే అవస్థ లేదు.

అయితే కరెంటు కూడా ఆకాశం నుండి ఊడిపడదు. రామగుండంలోను, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలోను బొగ్గు కాల్చి తయారు చేస్తున్నారు. ఆ పొగ ఎత్తైన గొట్టాల గుండా పోతుంది గాని, పని చేసేవాని ముక్కు దగ్గర లేచేది కాదు. భేదం అదే.

బ్యాటరీకి గల హద్దులు

లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజను అందులో అధిక భాగాన్ని వేడిగా పోగొట్టుకొన్నా, పై బ్యాటరీకన్నా ఎంతో ఎక్కువ పని చేస్తుంది. కనుక ముదిరిన గడ్డి ఎకరాలకొద్దీ కోయాలన్నా, పెద్ద మానులు నరకాలన్నా పెట్రోలు మిషనే ఇంకా అనుకూలం. చిన్న బ్యాటరీ స్ప్రేయరు మందు ఎత్తైన మామిడి చెట్ల పైకొమ్మలకు అందదు. బ్యాటరీ గడ్డి మిషను ఒక ఛార్జింగుకు అరగంటో, ముప్పావు గంటో నడుస్తుంది. ఇంటి ఆవరణకు, కూరగాయల మడులకు, పశువులకు కోసే పచ్చిగడ్డికి అది చాలు.

బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే

1. లెడ్ బ్యాటరీ అయితే పని ముగిసిన రోజే ఛార్జింగు పెట్టండి. ఛార్జింగు దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి సీసపు పలకలపై గట్టి పొర పేరుకొని అది పాడవుతుంది.

2. పని లేని కాలంలో కూడా నెలకొకసారి ఛార్జింగు పెట్టండి.

3. లిథియం బ్యాటరీకి ధర ఎక్కువ, బరువు తక్కువ. లెడ్ బ్యాటరీ కొన్ని వందల ఛార్జింగులకే అలసిపోగా, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వెయ్యికి పైగా వస్తుంది. దానిని ఎండలో గాని, పొయ్యి దగ్గర గాని ఉంచకండి. ఉబ్బిన బ్యాటరీని వాడకండి.

4. దానితో వచ్చిన ఛార్జరునే వాడండి. పిల్లలు పడుకొనే గదిలో రాత్రంతా ఛార్జింగులో ఉంచవద్దు.

5. కొనేముందు విడి బ్యాటరీ, మోటారు, వాషర్లు దగ్గరి పట్టణంలో దొరుకుతాయో లేదో విచారించండి. చవకగా వచ్చి బాగుచేసే దిక్కులేని మిషను ఇంట్లో చెత్తే.

పాత బ్యాటరీతో జాగ్రత్త

తల్లులు ఈ సంగతి ప్రత్యేకంగా గమనించాలి. పాడైన లెడ్ బ్యాటరీని దొడ్డిలో పగులగొట్టి ఆమ్లం పారబోయడం, వలలకు బరువులు పోసుకోవడానికి సీసం కరిగించడం ఎంతో అపాయకరం. సీసపు ధూళి నేలలో నిలిచిపోతుంది. అక్కడ ఆడుకొనే పసివారి చేతుల ద్వారా కడుపులోకి చేరి, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. 2022లో మన దేశంలో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులదే. కొన్న కొట్టులోనే తిరిగి ఇవ్వండి. లెడ్ బ్యాటరీకి వెల కూడా కట్టి తీసుకొంటారు.

మరొక హెచ్చరిక

పొగ లేదు గనుక అపాయం లేదని అనుకోకండి. బ్యాటరీ పంపులో పోసినా పురుగుమందు పురుగుమందే. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు, ఒంటినిండా బట్ట తప్పనిసరి. గాలికి ఎదురుగా కొట్టరాదు. పని ముగిసిన తరువాత స్నానం చేసి, ఆ బట్టలను వేరుగా ఉతకాలి. పెట్రోలు మిషను వాడేవారు ఇంజను చల్లారిన తరువాతనే పెట్రోలు పోయాలి. వేడి ఇంజనుపై చుక్క ఒలికితే మంట లేస్తుంది.

ఎలా నిర్ణయించుకోవాలి?

పాత పెట్రోలు మిషను బాగా నడుస్తుంటే దానిని పారవేసి, అప్పు చేసి కొత్తది కొనవలసిన పని లేదు. ఆయిలు కొలత ప్రకారం కలపండి. ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉంచండి. పట్టుకొనేవానికి చెవి రక్షణ కొనివ్వండి. మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వండి. అది పాడైనప్పుడు మాత్రం మన పని ఎంత, ఎన్ని గంటలు, ఇంట్లో కరెంటు ఎలా ఉంది అని చూచుకొని మార్చండి. ఎకరం రెండెకరాల మెట్టపంట, కూరగాయలు, ఇంటి పెరడు గలవారికి బ్యాటరీ పనిముట్లు సరిపోతాయి. పెద్ద తోటలు గలవారు రెండూ ఉంచుకోవచ్చు. సబ్సిడీ ఏమైనా ఉన్నదేమో మీ వ్యవసాయాధికారిని అడగండి.

కూలికి వచ్చినవాడు సాయంత్రం డబ్బుతోపాటు తలనొప్పిని, చెవిలో హోరును కూడా ఇంటికి మోసుకుపోతే మన లెక్కలో ఎక్కడో తప్పున్నట్లే. పనిముట్టు కొనే రోజున దానిని ఎత్తుకొనేవానిని కూడా కొట్టుకు తీసుకువెళ్ళండి. బరువు ఎంతో, శబ్దం ఎంతో అతనినే చూడనివ్వండి.