మడత కాజా చేసిన చేతితో పాలకూర పఫ్

రాయపూర్ నగరానికి తెలుగువారు కొత్తవారు కారు. 1931లో రాయపూర్ - విజయనగరం రైలుమార్గం పూర్తయిన పిమ్మట ఉత్తరాంధ్ర నుండి ఈ వైపునకు రాకపోకలు సులభమైనాయి. ఆ తరువాతి దశాబ్దాలలో ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలు మా వంటి వారిని ఇక్కడికి చేర్చినవి. వచ్చినవారు ఆవకాయ జాడీలు వెంట తెచ్చుకున్నారు. ఇక్కడివారి నుండి చీలా, ఫరా, ఠేఠరీ నేర్చుకున్నారు. అయితే సాయంకాలం ఇంటికి నలుగురు అతిథులు వస్తున్నారనగానే బేకరీకి మనిషిని పంపి డజను పఫ్‌లు తెప్పించడం మాత్రం ఏ ప్రాంతం వారికైనా సమానమైన అలవాటే. హైదరాబాదులో పఫ్ అన్నా, ఇక్కడ పేటీస్ అన్నా వస్తువు ఒక్కటే.

మా విభాగంలోని సహోద్యోగి ఒకరికి కొంతకాలం క్రిందట గుండె రక్తనాళంలో స్టెంటు అమర్చారు. వైద్యులు ఇచ్చిన నిషిద్ధ పదార్థాల పట్టికలో బేకరీ పఫ్ ఉన్నది. ఆయన మానివేశారు గాని, పిల్లలు మానలేదు. తండ్రి చూస్తుండగా పిల్లలు తినడం ఆ ఇల్లాలికి కష్టమనిపించినది. "అన్నయ్యగారూ, ఇంట్లో చేస్తే ఆయన ఒక్కటైనా తినవచ్చునా?" అని ఆమె మమ్మల్ని అడిగారు. వైద్యం మా వృత్తి కాదు. కాని పఫ్‌లో ఏమున్నది, అది ఎందుకు పొంగుతుంది, తక్కువ కొవ్వుతో పొంగించవచ్చునా అన్నవి ఇంజనీరు సమాధానం చెప్పగల ప్రశ్నలే. మా శ్రీమతి, మేము కలిసి చేసి చూచిన దాని ఫలితమే ఈ వ్యాసం.

బేకరీ పద్ధతిలో మైదాపిండి ముద్దను పలుచగా వత్తి, నడుమ కొవ్వు పలకను ఉంచి, మూడు మడతలు వేసి, మరల వత్తి, మరల మడుస్తారు. ఒక్కొక్కసారికి పొరలు మూడింతలవుతాయి. ఆరుసార్లు మడిస్తే 729 పొరలు. చివరకు పిండిని 5 మిల్లీమీటర్ల మందానికి వత్తితే ఒక్కొక్క పొర మిల్లీమీటరులో నూరవ వంతు కంటె తక్కువ ఉంటుంది! పొయ్యి వేడికి పిండిలోని నీరు ఆవిరిగా మారుతుంది. ఒక మిల్లీలీటరు నీరు 100 డిగ్రీల వద్ద సుమారు 1.7 లీటర్ల ఆవిరి అవుతుందన్న సంగతి బాయిలరు వద్ద పనిచేసిన వారికి మేము చెప్పనవసరం లేదు. ఆ ఆవిరి బయటకు పోకుండ కొవ్వు పొర అడ్డగిస్తుంది. పై పొర లేస్తుంది. పఫ్ పొంగడమంటే ఇంతే. ఇందులో ఈస్టు లేదు, సోడా లేదు. కొందరు వంటసోడా వేయమంటారు. అది అనవసరం, పైగా రుచిని చెడగొడుతుంది.

చిక్కు అంతా కొవ్వుతోనే. సంప్రదాయ పద్ధతిలో పిండి ఎంతో వెన్న దాదాపు అంత. వెన్న ఖరీదు గనుక మన దేశంలో చాలాకాలం వనస్పతి, బేకరీ మార్గరిన్ వాడుతూ వచ్చారు. నూనెకు నికెల్ ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ చేర్చి గట్టిపరచునప్పుడు, ఆ చర్య పాక్షికంగా జరిగితే ట్రాన్స్ కొవ్వులు ఏర్పడతాయి. ఇవి చెడు కొలెస్టరాల్‌ను పెంచి, మంచి దానిని తగ్గిస్తాయి. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ నూనెలు, కొవ్వులలో ఈ పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వుల పరిమితిని 2021 జనవరి నుండి 3 శాతానికి, 2022 జనవరి నుండి 2 శాతానికి తగ్గించినది. కనుక నాటి వనస్పతికి, నేటి వనస్పతికి భేదమున్నది. అయినను ట్రాన్స్ కొవ్వు తగ్గినంత మాత్రాన మొత్తం కొవ్వు తగ్గినట్లు కాదు. పఫ్ తిన్న తరువాత అంగిలికి మైనం వలె అంటుకొనే పొర ఆ సంగతిని చెబుతూనే ఉంటుంది. శరీర ఉష్ణోగ్రత వద్ద కరగని కొవ్వు చేసే పని అది.

మరి ఇంటిలో వెన్నతోనే చేయరాదా? చేయవచ్చును - డిసెంబరులో. వెన్న 32 నుండి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మే నెలలో రాయపూర్‌లో పగటి ఉష్ణోగ్రత తరచు 42 డిగ్రీలను దాటుతుంది. వంటింటి సంగతి వేరే చెప్పాలా? వత్తుతుండగానే వెన్న కరిగి పిండిలో ఇంకిపోతుంది. అప్పుడు మిగిలేది పొరలు లేని బిస్కత్తు మాత్రమే. చల్లని దేశాల వారు వ్రాసిన వంట పుస్తకాలలో ఈ ఇబ్బందికి పరిష్కారం దొరకదు.

పరిష్కారం మన తాపేశ్వరంలో ఉన్నది. పోలిశెట్టి సత్తిరాజు గారి చేతి మీదుగా పేరు పొందిన మడత కాజాను ఒకసారి అడ్డంగా కోసి చూడండి. పొరలు పొరలుగా ఉంటుంది. గోదావరి జిల్లాల వేడిలో, శీతల యంత్రాలు లేని రోజులలో ఆ పొరలు నిలిచినవి. పలుచని రేకుపై నెయ్యి, పొడి పిండి పరచి మడవడమే దాని రహస్యం. కన్నడ, మరాఠీ ఇళ్ళలో చిరోటీలకు నేతిలో బియ్యప్పిండి గిలకొట్టి రాస్తారు; దానిని సాటా అంటారు. నెయ్యి ఒక్కటే అయితే కారిపోతుంది. బియ్యప్పిండి కలిసినప్పుడు ముద్దయి, వేడిలో కూడ పొరల నడుమ నిలుస్తుంది. పైగా నేతిలో నీరు లేదు, బియ్యప్పిండిలో జిగురు లేదు. అందువలన పొరలు ఒకదానికొకటి అంటుకోవు. కాజాలు చేయడం వచ్చిన తల్లులకు పఫ్ చేయడం సగం వచ్చినట్లే.

లోపలి పదార్థంగా పాలకూర, పనీర్‌లను ఎన్నుకున్నాము. ఈ జోడు మన సొంతం మాత్రమే కాదు. గ్రీసు దేశంలో పాలకూరను ఫెటా అనే ఉప్పని చీజ్‌తో కలిపి, ఫిలో అనే రేకుల నడుమ పెట్టి కాలుస్తారు. దాని పేరు స్పానకోపిటా. ఆ ఫిలో రేకులను చూస్తే ఆత్రేయపురం పూతరేకులు జ్ఞాపకం రాక మానవు. ఇక ఛత్తీస్‌గఢ్ ఆకుకూరల రాజ్యం. ఇక్కడ ముప్ఫై ఆరు రకాల భాజీలు ఉన్నాయని లోకోక్తి. శీతకాలంలో శాస్త్రి మార్కెట్‌కు వెళితే పాలకూర, లాల్ భాజీ, చేంచ్ భాజీ, మనం మునగాకు అనే ముంగా భాజీ గుట్టలుగా కనిపిస్తాయి. పాలకూర దొరకని వేసవిలో లాల్ భాజీతో కూడ ఈ పఫ్ చేయవచ్చును. రంగు మాత్రం లోపల ఎర్రబారుతుంది, పిల్లలు సంతోషిస్తారు.

పాలకూరలో ఇనుము విపరీతంగా ఉన్నదనే నమ్మకం గురించి ఒక మాట. దశాంశ బిందువు తప్పుగా పడడం వలన ఆ ఖ్యాతి వచ్చినదని చాలామంది ఇంజనీర్లు నవ్వుతూ చెప్పుకుంటారు. ఆ బిందువు కథకే ఆధారం దొరకలేదని తరువాత పరిశీలించినవారు తేల్చారు. వాస్తవానికి 100 గ్రాముల ఆకులో ఇనుము సుమారు 3 మిల్లీగ్రాములు. మంచిదే గాని అద్భుతం కాదు. అట్లే పాలకూరలోని కాల్షియంను ఆక్సాలిక్ ఆమ్లం పట్టి ఉంచుతుంది గనుక మన శరీరానికి అందేది స్వల్పం. ఆ లోటును పనీర్ తీరుస్తుంది. ఆకును ఉడికించి నీరు పారబోస్తే ఆక్సాలేటు కొంత పోతుంది. మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడే తత్త్వం కలవారు వైద్యుని అడిగి తినడం మంచిది.

ఇక తయారీ. ఇరవై పఫ్‌లకు 200 గ్రాముల మైదా, 50 గ్రాముల గోధుమపిండి, అర చెంచా ఉప్పు, ఒక పెద్ద చెంచా నూనె, ఒక చెంచా నిమ్మరసం, సుమారు 125 మిల్లీలీటర్ల చల్లని నీరు కలిపి చపాతీ పిండి కంటె కొంచెం గట్టిగా తడిపి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాలి. నిమ్మరసం పిండిని సాగేటట్లు చేస్తుంది. 60 గ్రాముల పేరిన నేతిలో 40 గ్రాముల బియ్యప్పిండి వేసి, తెల్లబడి నురుగువలె అయ్యేవరకు చేతితో గిలకొట్టాలి. పిండిని దీర్ఘ చతురస్రంగా పలుచగా వత్తి, సాటాలో మూడవ వంతు పైన సమంగా రాయాలి. అంచుల వద్ద అంగుళం మేర వదలివేయాలి. ఉత్తరాన్ని మడచినట్లు మూడు మడతలు వేసి, పావుగంట ఫ్రిజ్‌లో ఉంచి, అడ్డముగా త్రిప్పి మరల వత్తాలి. ఈ విధంగా మూడుసార్లు. ఇరవై ఏడు పొరలు వస్తాయి. చివరి మందం 3 మిల్లీమీటర్లయితే ఒక్కొక్క పొర మందం మన కార్యాలయపు కాగితమంత. బేకరీ వారి 729 పొరల ముందు ఇది చిన్న సంఖ్యే. అంత పొంగదు కూడ. కాని కొరికినప్పుడు పెళపెళలాడుతుంది, రాలుతుంది. ఇంటికి అది చాలును.

లోపలి పదార్థం వద్దనే ఎక్కువమంది చేతులెత్తేస్తారు. పాలకూరలో 90 శాతానికి పైగా నీరే. ఆ నీరు పఫ్ లోపలకు వెళితే అడుగు భాగం మెత్తబడి తడిసిన అట్టవలె అవుతుంది. కనుక 400 గ్రాముల శుభ్రమైన ఆకును మరుగుతున్న నీటిలో రెండు నిమిషాలు ఉంచి, చన్నీటిలో ముంచి, పలుచని గుడ్డలో మూటకట్టి గట్టిగా పిండాలి. చేతితో ఒకసారి నొక్కితే చాలదు. మూటను పీటపై ఉంచి, పైన రుబ్బురాయి పొత్రం పదిహేను నిమిషాలు పెట్టడం మా ఇంటి పద్ధతి. ఆకు సగం కంటె తక్కువ బరువుకు దిగాలి. తరువాత సన్నగా తరిగి, రెండు చెంచాల నూనెలో వేగిన ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రేకలు, మూడు పచ్చిమిర్చితో కలిపి తడి ఆరేవరకు వేయించాలి. పూర్తిగా చల్లారిన పిమ్మట 150 గ్రాముల పనీర్ నలిపి వేయాలి. నిమ్మరసంతో విరిచిన పనీర్ వేడికి కరగదు. అందుచేత మిశ్రమం పొడిపొడిగా విడిపోతుంది. అది పట్టు నిలిచేందుకు 25 గ్రాముల చీజ్ ముక్క ఒకటి తురిమి కలపాలి. మిగిలిన తడిని పీల్చుకోవడానికి ఒక చెంచా పుట్నాల పొడి. మిరియాల పొడి, చిటికెడు జాజికాయ. ఉప్పు మాత్రం నింపబోయే ముందే వేయాలి. ముందుగా వేస్తే మరల నీరు ఊరుతుంది. చీజ్‌లో ఉప్పున్నదని మరువరాదు.

పిండిని 40 సెంటీమీటర్లు, 32 సెంటీమీటర్లు ఉండేటట్లు వత్తి, పదునైన కత్తితో 8 సెంటీమీటర్ల చదరాలుగా కోయాలి. కత్తిని లాగరాదు, నొక్కాలి. లాగితే పొరల అంచులు కలిసిపోతాయి. ఒక్కొక్క చదరంలో ఒక పెద్ద చెంచా మిశ్రమం పెట్టి, రెండు అంచులకు తడి చేయి రాసి త్రికోణంగా మూసి, ఫోర్కుతో నొక్కాలి. పైన చాకు మొనతో చిన్న రంధ్రం చేయాలి. ప్రతి బాయిలరుకు సేఫ్టీ వాల్వు ఉండవలసినదే కదా! పైభాగాన పాలు పూయాలి గాని కోసిన అంచులకు తగలనీయరాదు.

ఓ.టి.జి.ని 200 డిగ్రీల వద్ద పదిహేను నిమిషాలు ముందుగా వేడిచేసి, పఫ్‌లను 20 నుండి 25 నిమిషాలు కాల్చాలి. మొదటి పదిహేను నిమిషాలు తలుపు తెరవరాదు. 1500 వాట్ల ఓవెన్ గంటసేపు పనిచేస్తే ఖర్చయ్యేది ఒకటిన్నర యూనిట్లు. పాత క్వార్టర్లలో నివసించువారు దీనిని 16 ఆంపియర్ల సాకెట్‌కే తగిలించాలి. ఎక్స్‌టెన్షన్ తీగకు తగిలించడాన్ని మేము సమ్మతించము. మామూలు మైక్రోవేవ్ ఇందుకు పనికిరాదు. అది నీటిని వేడిచేస్తుంది గాని పైభాగాన్ని ఎర్రగా కాల్చదు. ఎయిర్ ఫ్రయ్యర్ ఉన్నవారు 180 డిగ్రీల వద్ద 12 నుండి 15 నిమిషాలు ఉంచితే చాలును. ఏదీ లేనివారు దళసరి అడుగు గల పాత గిన్నెలో వేలి మందాన ఉప్పు పరచి, స్టాండు పెట్టి, మూతవేసి, మధ్యస్థమైన మంటపై పది నిమిషాలు కాచి, తరువాత పళ్ళెంలో పఫ్‌లు ఉంచి అరగంట పైన కాల్చాలి. నడుమ ఒకసారి త్రిప్పాలి. ప్రెషర్ కుక్కరును నీరు లేకుండ వాడడం దాని ఆయువుకు మంచిది కాదు.

నూనెలో వేయించకూడదా అని మా మిత్రులు అడుగుతుంటారు. వేయించవచ్చును, హైదరాబాదు విందులలోని లుఖ్మీ అట్లే వేయిస్తారు. కాని అప్పుడు ఈ శ్రమకంతటికీ కారణమైన ప్రశ్న పక్కకు పోతుంది.

ఆ ఇల్లాలికి మేము ఇచ్చిన లెక్క ఇది. 250 గ్రాముల పిండికి బేకరీ పద్ధతిలో దాదాపు 250 గ్రాముల కొవ్వు అవసరమైతే, మన పద్ధతిలో నెయ్యి 60 గ్రాములు. నూనె, పనీర్, చీజ్‌లలోని కొవ్వును కూడ కలిపి ఇరవైతో భాగిస్తే ఒక్కొక్క పఫ్‌లో సుమారు 6 గ్రాములు. నేతిలో సంతృప్త కొవ్వు ఉన్నదన్న సంగతిని కూడ ఆమెకు స్పష్టంగా చెప్పాము. ఆమె ఆ కాగితాన్ని వైద్యునికి చూపగా, ఆదివారం నాడు ఒకటి తినవచ్చునని ఆయన అనుమతించారట. "రెండు అని వ్రాసి ఇస్తే బాగుండేది" అని మా సహోద్యోగి అన్నారు.

కాల్చని పఫ్‌లను పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించి, డబ్బాలో వేస్తే ఫ్రీజరులో నెల రోజులు నిలుస్తాయి. అతిథులు వచ్చినప్పుడు కరగనీయకుండ నేరుగా ఓవెన్‌లో పెట్టి, ఐదు నిమిషాలు అదనంగా కాల్చాలి.