శస్త్రచికిత్సా ఇంప్లాంట్లకు కణజాల స్పందన

శస్త్రచికిత్స ద్వారా శరీరంలో అమర్చే లోహపు లేదా ప్లాస్టిక్ వస్తువును ఇంప్లాంటు అంటారు. నస్పూర్ వంటి గని ప్రాంతపు పట్టణాలలో గాని, పల్లెలలో గాని జనం ఈ మాట అంతగా వాడరు. "కాలిలో రాడ్డు వేశారు", "గుండెకు స్టెంటు వేశారు", "కంట్లో లెన్సు వేశారు" అని ఏ వస్తువుకు ఆ పేరే చెప్పుకుంటారు. ఈ వస్తువులు నిర్జీవమైనవే అయినా, వాటిని శరీరం పట్టించుకోకుండా ఉండదు. ఆ స్పందన ఏ రూపంలో, ఎంత మేరకు జరుగుతుందన్న దానిపై చికిత్స ఫలితం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

స్పందన జరిగే విధానం

వస్తువు లోపలికి చేరిన కొన్ని క్షణాలలోనే రక్తంలోని ఆల్బుమిన్, ఫైబ్రినోజెన్ వంటి ప్రోటీన్లు దాని ఉపరితలానికి అంటుకుంటాయి. తరువాత వచ్చే కణాలు తాకేది ఈ ప్రోటీన్ పొరనే గాని లోహాన్ని కాదు. మొదట న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు, వాటి వెనుక మాక్రోఫేజులు వస్తాయి. మాక్రోఫేజుల పని పరాయి పదార్థాన్ని మ్రింగివేయడం. తమకంటే ఎన్నో రెట్లు పెద్దదైన వస్తువును మ్రింగలేక, కొన్ని మాక్రోఫేజులు కలిసిపోయి అనేక కేంద్రకాలు గల పెద్ద కణాలుగా మారుతాయి. చివరకు ఫైబ్రోబ్లాస్టు కణాలు కొల్లాజెన్ పోగులతో కొన్ని వారాలలో వస్తువు చుట్టూ సంచి వంటి పొరను కడతాయి. బయటకు పంపలేని దానిని గోడ కట్టి వేరు చేయడమన్నమాట.

స్టెంటు

రక్తనాళంలో ఈ స్పందన ప్రాణం మీదికి తేవచ్చు. 1990వ దశకంలో హైదరాబాదుకు చెందిన హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు, క్షిపణి శాస్త్రవేత్త ఎ.పి.జె. అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధరలో కలాం-రాజు స్టెంటును రూపొందించారు. ఆనాటి స్టెంట్లు మందు పూత లేని లోహపు జాలీలు. జాలీ ఒత్తిడికి గాయపడిన నాళపు గోడలోని కండర కణాలు మితిమీరి పెరగడంతో, కొందరిలో తెరిచిన నాళం కొన్ని నెలలకే మళ్ళీ ఇరుకయ్యేది.

దీనికి విరుగుడుగా సిరోలిమస్ వంటి మందు పూసిన స్టెంట్లు 2002 నుండి వాడుకలోకి వచ్చాయి. మందు ఆ పెరుగుదలను ఆపుతుంది. అయితే లోహాన్ని కప్పవలసిన నాళపు లోపలి పొర ఏర్పడటాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. కప్పబడని లోహంపై రక్తం గడ్డకట్టే ప్రమాదమున్నది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలను నెలల తరబడి వాడమనడం ఇందుకే. నొప్పి తగ్గింది కదా అని వైద్యుని అడగకుండా వాటిని మానివేయడం చాలా ప్రమాదకరం.

ఎముక, కన్ను

టైటానియం తీరు వేరు. 1952లో స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరాలను తీయబోగా అవి ఎముకతో ఏకమై ఊడిరాలేదు. నేటి దంత ఇంప్లాంట్లకు ఇదే ఆధారం. కృత్రిమ కీళ్ళలో మాత్రం ప్లాస్టిక్ అరిగి రాలిన సూక్ష్మ రేణువులను మాక్రోఫేజులు మ్రింగుతాయి. అప్పుడు వెలువడే రసాయనాల వల్ల చుట్టూ ఉన్న ఎముక కరిగి కీలు వదులవుతుంది.

ప్రపంచయుద్ధంలో విమానపు అద్దాల ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో పెద్దగా వాపు కలిగించకపోవడాన్ని గమనించిన హెరాల్డ్ రిడ్లీ, 1949లో లండన్‌లో అదే రకం ప్లాస్టిక్‌తో తొలి కంటి లెన్సును అమర్చాడు. శుక్లం ఆపరేషన్ తరువాత కొందరికి చూపు మళ్ళీ మసకబారుతుంది. దీనిని "శుక్లం తిరిగి వచ్చింది" అనుకోవడం పొరపాటు. మిగిలిన కణాలు లెన్సు వెనుకనున్న పొరపైకి ప్రాకడమే దీనికి కారణం. లేజరుతో ఆ పొరలో దారి చేస్తారు.

సూక్ష్మక్రిములు

ఇంప్లాంటు ఉపరితలాన్ని శరీర కణాలకంటే ముందు బాక్టీరియా ఆక్రమిస్తే, అవి జిగురు పొర కట్టుకొని అందులో దాగుతాయి. అప్పుడు యాంటీబయాటిక్ మందులు వాటిని పూర్తిగా చంపలేవు. అనేక సందర్భాలలో ఇంప్లాంటును తీసివేయవలసి వస్తుంది.