కమిటీవారిదే తుది నిర్ణయమా?

అమ్రాబాదు వంటి ఊళ్లలో సంక్రాంతి కబడ్డీ పందెముల కరపత్రము అడుగున ఒక వాక్యముండును: “కమిటీవారిదే తుది నిర్ణయము”. ఈ మాట ఎంతవరకు చెల్లును?

రిఫరీ ఒకని ఔటనినచో దానికి అప్పీలు లేదు, ఉండరాదు కూడ. ఉన్నచో చీకటి పడినను ఆట ముగియదు. కాని మరునాడు సంఘమువారు కూడి, అతడు డబ్బు పుచ్చుకొని ఓడెననియు, ఇక మైదానమున అడుగిడరాదనియు శాసించిరనుకొందము. ఇది మనిషి పరువును, ఒక్కొక్కప్పుడు బ్రతుకుతెరువును తాకు మాట.

ఇట్టి వివాదమొకటి మన హైదరాబాదులోనే పన్నెండేండ్లు నడిచినది. 2000 డిసెంబరు 5న భారత క్రికెట్ నియంత్రణ బోర్డు, మ్యాచి ఫలితములను ముందే కుదుర్చుకొనిరను ఆరోపణపై, మాజీ కెప్టెను మహమ్మద్ అజహరుద్దీనుపై జీవితకాల నిషేధము విధించెను. ఆయన అప్పటికి 99 టెస్టులాడెను. సిటీ సివిల్ కోర్టులో ఓడి, హైకోర్టుకు అప్పీలు చేసికొనెను. 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధము చట్టము ముందు నిలువదని తీర్పు చెప్పెను. అప్పటికి ఆయన వయస్సు 49. నూరవ టెస్టును ఏ న్యాయస్థానము ఇప్పింపగలదు?

సంఘములో చేరినవాడు దాని నిబంధనలకు తల యొగ్గినట్లే. అయితే ఆ నిబంధనలు సంఘమును కూడ కట్టివేయును. 1962లో సుప్రీంకోర్టు, ఆటలతో సంబంధమే లేని ఒక ఫ్రీమేసన్ లాడ్జి సభ్యుని బహిష్కరణ వ్యాజ్యమున, దీనిని విశదపరచినది. సంఘము తన నిబంధనలను అనుసరింపవలెను, సద్బుద్ధితో వర్తింపవలెను, సహజ న్యాయమును పాటింపవలెను. అనగా ఆరోపణ యేమో తెలుపవలెను, సమాధానము వినవలెను. అంతకు మించి, సంఘము చేసిన విచారణను మొదటినుండి మరల జరుపుట న్యాయస్థానము పని కాదు. చిత్రమేమనగా, ఆ వ్యాజ్యమున సభ్యుడే ఓడెను!

క్రికెట్ బోర్డు ప్రభుత్వ శాఖ కాదని 2005లో సుప్రీంకోర్టు తేల్చెను. అయినను అది ప్రజాసంబంధమైన పని చేయుచున్నందున, రాజ్యాంగము 226వ అధికరణము క్రింద హైకోర్టు తలుపు తట్టవచ్చుననెను.

ఇక శిక్ష యొక్క పరిమాణము. శ్రీశాంతుపై 2013లో విధించిన జీవితకాల నిషేధమును గూర్చి 2019 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, తప్పిదమును గూర్చిన నిర్ణయమును కదల్పలేదు. శిక్షను మాత్రము తిరిగి ఆలోచింపుడని బోర్డుకే పంపెను. తుదకది ఏడేండ్లకు తగ్గినది. అది ముగియునాటికి ఆ బౌలరుకు 37 ఏండ్లు.

చట్టమున దారి యున్నది. ఆటగానికి లేనిది కాలము. పది పదునైదేండ్ల ఆట, వ్యాజ్యము నడుచుచుండగనే కరిగిపోవును. కావున అప్పీలు వినువారు సంఘములోనే, శిక్షించినవారు గాక వేరొకరు, ఉండవలెనని నా అభిప్రాయము. నేను చూచిన కరపత్రములలో ప్రవేశ రుసుమును, బహుమతి మొత్తమును పెద్ద అక్షరములలో నుండును. వాని నడుమ ఇంకొక పంక్తికి చోటున్నది: శిక్షపడినవాడు ఎవరికి, ఎన్ని దినములలో చెప్పుకొనవలెనో.