విమానం కప్పుకు సందుంటే?

అమెరికాలో ఆర్‌వి-4 వంటి చిన్న విమానాలను ఇంటి షెడ్డులోనే కట్టుకొనేవారున్నారు. పైలట్ తలపై బుడగలాంటి ఆక్రిలిక్ కప్పు ఉంటుంది. దాని అంచున సందుంటే నేలమీద వాననీరు రేడియోపై కారుతుంది. ఆకాశంలో చలిగాలి మెడకు కొడుతుంది.

ఆ గాలి సందులోంచే వస్తుందనుకుంటున్నారా? ఉబ్బెత్తు కప్పు మీదుగా గాలి వేగంగా పోతుంది కనుక అక్కడ పీడనం తక్కువ. బెర్నూలీ సూత్రం గుర్తు తెచ్చుకోండి! చాలాసార్లు లోపలి గాలే సందులోంచి బయటికి పోతుంది. ఆ లోటు పూడ్చడానికి తోకవైపు రంధ్రాలనుంచి చలిగాలి దూరుతుంది. అందుచేత వాటినీ మూయాలి.

సందు ఎగుడుదిగుడుగా ఉంటే మామూలు రబ్బరు పట్టీ చాలదు. అప్పుడు కప్పు అంచుకు మైనం పూసి, చట్రంపై సిలికోన్ జిగురు పెట్టి, కప్పు మూసి ఆరనిస్తారు. జిగురు మైనానికి అంటదు. సందుకు అచ్చుగుద్దినట్టు పట్టీ తయారు! మైనం పూయడం మరిస్తే మాత్రం కప్పు తెరుచుకోదు.