ఒక్క ఓటు వలన నేమగును?

“లక్షలకొలది జనులు ఓటు వేయుచుండగా నా యొక్క ఓటు వలన నేమగును?” అను మాట ఎన్నికలు వచ్చినప్పుడెల్ల మన గ్రామములలో వినవచ్చుచుండును. ఇది సోమరుల మాట యని త్రోసివేయుట సులభము. కాని యందు కొంత నిజము లేకపోలేదు. పెక్కు నియోజకవర్గములలో గెలుపోటముల తేడా వేలలో నుండును. అట్టిచోట ఒక ఓటు తగ్గినను ఫలితము మారదు. కావున నీ ప్రశ్నను కొంత విచారింతము.

మొదట తేడా మిక్కిలి స్వల్పమైన ఎన్నికలను చూతము. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానమున శ్రీ కొణతాల రామకృష్ణగారు 9 ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి. మనకు సమీపముననే, విజయవాడ సెంట్రల్ శాసనసభ స్థానమున, 2019లో శ్రీ మల్లాది విష్ణుగారికి వచ్చిన ఆధిక్యము 25 ఓట్లు. ఒక తరగతి గదిలో కూర్చుండు విద్యార్థులు పలుమారు ఇంతకంటె నెక్కువగా నుందురు. 2004లో కర్ణాటకమునందలి సంతేమరహళ్లి స్థానమున తేడా ఒకే ఓటు. ఇరువురకును ఓట్లు సమానముగా వచ్చినచో, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ననుసరించి చీటీలు వేసి విజేతను నిర్ణయింతురు. అనగా ఒక్కడు ఇంట నుండిపోయినచో ప్రజలు చెప్పవలసిన తీర్పును చీటీ చెప్పును.

ఇట్లెన్నికైన సభ్యుని చేతిలో మరల నొక ఓటుండును. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్ర శాసనసభయందు ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో శ్రీ వాజపేయిగారి ప్రభుత్వమునకు అనుకూలముగా 269 ఓట్లును, ప్రతికూలముగా 270 ఓట్లును వచ్చెను.

మరి వేల ఓట్ల తేడా యున్నచోట మాటయేమి? మన దివిసీమ కరకట్టను తలంచుకొందము. గంపెడు మట్టి వరద నాపజాలదు. ఒక్కడు తన గంప నెత్తకున్నను కట్టకు లోటు కానరాదు. కాని యూరివారందరు నట్లే తలంచినచో కట్టయే యుండదు. అదియునుగాక, ఓట్ల లెక్క పోలింగు కేంద్రముల వారీగా ప్రకటింపబడును. ఎవరు ఎవరికి వేసిరో తెలియదు గాని, ఏ పల్లెలో నెందరు వేసిరో తెలియును. ఓటు వేయని పల్లె మొర నాయకుల చెవి కెక్కుట కష్టము. కావున ఓడిన అభ్యర్థికి వేసిన ఓటును వ్యర్థము కాదు.

ఈ హక్కు మనకు చిరకాలమునుండి యున్నది కాదు. ఆంగ్లేయుల కాలమున ఆస్తియో, పన్నో, చదువో గలవారికే ఓటుండెడిది. 1951–52 ఎన్నికలలో గదా 21 ఏండ్లు నిండిన స్త్రీపురుషులందరు, కూలివాడును జమీందారును, సమానముగా ఓటు వేసిరి! 1989లో 61వ రాజ్యాంగ సవరణ ఆ వయస్సును 18 ఏండ్లకు తగ్గించెను. అనకాపల్లిలో 9 ఓట్లతో తేలిన ఆ యెన్నిక, 18 ఏండ్ల యువకులు పాల్గొన్న మొదటి లోక్‌సభ సాధారణ ఎన్నికలలోనిదే.

ఈ సంచికను చదువు విద్యార్థులు కొలది యేండ్లలో ఓటర్లు కాగలరు. 17 ఏండ్లు నిండినవారు ముందుగానే 6వ నమూనా దరఖాస్తు పెట్టుకొనవచ్చును. పట్టికలో పేరు లేనివానికి ఎన్నికల దినమున ఎంత యుత్సాహ మున్నను ప్రయోజనము లేదు. కావున మన గంప మట్టిని మనమే సిద్ధపరచుకొందము.